మూడో స్పీడ్ బ్రేకర్

మా కారు వెనక నుంచి చప్పుడు మొదలైనప్పుడు నేను చేసిన మొదటి పని డిక్కీ ఖాళీ చేయడం. చప్పుడు అనగానే మెకానిక్ దగ్గరికి పరిగెత్తేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. సగం చప్పుళ్లు డిక్కీలో దొర్లే జాకీవే. జాకీ, స్పేరు చక్రం, రెండు గొడుగులు, రంగు వెలిసిన ఎల్ బోర్డు, రివర్సు నేర్పడానికి వాడిన ప్లాస్టిక్ కోన్లు ఆరు, అన్నీ వరండాలో పేర్చి వీధి చివరిదాకా వెళ్లొచ్చాను. గతుకు వచ్చిన ప్రతిసారీ ఎడమ వెనక చక్రం దగ్గర "టక్" మంటోంది. ఇది జాకీ పని కాదనుకుని కారు మేస్త్రి షెడ్డు వైపు తిప్పాను.

ఆ కారులో ముప్పై ఏళ్లు డ్రైవింగ్ నేర్పాను. నేను కూర్చునే పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఊళ్లో స్టీరింగు పట్టినవాళ్లలో సగం మంది నా చేత తిట్లు తిన్నవాళ్లే. స్కూలు మూసేసి నాలుగేళ్లయింది. కారును మాత్రం వదులుకోలేదు. క్లచ్చి వదలడం చేతకాని ఎంతమందినో మోసిన బండి, చివరికొచ్చాక దాన్ని ఎవరికో కట్టబెట్టడానికి నాకు మనసొప్పలేదు.

మేస్త్రిని అందరూ చెవి మేస్త్రి అనేవారు. బండి చప్పుడు చేస్తోందని ఎవరైనా వస్తే ఆయన ముందు స్పానర్ ముట్టుకోడు. ఉతికిన తువ్వాలు ఒకటి తెచ్చి వెనక సీటు కింద పరిచి, మోకాళ్లు ముడుచుకుని, చెవి బండి నేలకు ఆనించి పడుకుని కళ్లు మూసుకునేవాడు. "పోనివ్వండి టీచరమ్మా" అనేవాడు. షెడ్డు వెనక సందులో ఐదు స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయి. మనిషి నడిచేంత నెమ్మదిగా వాటి మీదుగా పోనివ్వాలి. మొదటిది దాటుతాం, రెండోది దాటుతాం, మూడోదాని మీద "ఆపండి" అనేవాడు. "కుడి షాక్ అబ్జార్బరు. పైన రబ్బరు అరిగింది." విప్పి చూస్తే అదే. ఎన్నేళ్లు చూశానో, ఒక్కసారి కూడా నాలుగోదాని దాకా పోలేదు.

సందులోకి తిరిగాక ఇండికేటర్ ఆపడం మర్చిపోతే నాకు అక్షింతలు పడేవి. "ముందు దాన్ని తీయండి. ఆ టిక్కుటిక్కులో నాకేం వినబడి చావదు." ఊరందర్నీ తిట్టే నన్ను తిట్టిన మనిషి ఆయనొక్కడే. నిజం చెప్పాలంటే నాకది ఇష్టంగానే ఉండేది.

ఈసారి కూడా తువ్వాలు పరిచి పడుకున్నాడు. మూడోదాని మీద "టక్" అని ఎంత గట్టిగా వచ్చిందంటే, ఆపమంటాడని నేను ముందే బ్రేకు మీద కాలు పెట్టాను. ఆయనేమీ అనలేదు. నాలుగోది దాటాం. ఐదోది దాటాం. సందు చివర లేచి కూర్చుని "షాకులు పోయాయి. రెండూ మార్చేద్దాం" అన్నాడు. అద్దంలో చూశాను. టెస్టుకు వచ్చినవాళ్లు జవాబు కోసం నా మొహంలో వెతుకుతారే, అదే చూపు. ఆ చూపు నాకు బాగా తెలుసు. అప్పుడు గమనించాను, ఇండికేటర్ కొట్టుకుంటూనే ఉంది. నా ప్రాణం చివుక్కుమంది.

కొత్త షాకులు వేశాక మళ్లీ సందులోకి వెళ్లాం. టక్కు టక్కులాగే ఉంది. "పోయింది, చూశారా?" అన్నాడు వెనక నుంచి.

"పోయింది" అన్నాను.

పార్కింగులో జానెడు పక్కకు పోతే మళ్లీ మొదట్నుంచి చేయించేదాన్ని, అంత పెద్ద అబద్ధం ఎలా ఆడానో నాకే తెలీదు. వారం తర్వాత వెళ్లి "మళ్లీ ఏదో మొదలైంది" అన్నాను. కారును లిఫ్టు మీద ఎత్తి, ప్రతి బోల్టూ లాగి చూసి, వెనక అడ్డకడ్డీకి ఉండే రబ్బర్లు మార్చాడు. మళ్లీ సందు. మళ్లీ టక్కు. మళ్లీ "పోయింది" అన్నాను.

ఆ రోజు గేటు దగ్గర మేస్త్రి కూతురు నన్ను ఆపింది. షెడ్డు ఇప్పుడు తనే నడుపుతోంది. లిఫ్టు కొన్నది, బళ్ల కింద పనిచేయడానికి తవ్విన పాత గొయ్యి మీద చెక్కలు పరిచి మూసేసింది తనే. చిన్నప్పుడు ఆ గొయ్యిలో నట్లు ఏరుకుంటూ ఆడుకున్న పిల్ల.

"అత్తా, నిజం చెప్పు. నీ కారు చప్పుడు పోయిందా?"

"ఎందుకడుగుతున్నావు?"

"పోయిన నెల ఒకాయన చక్రం అరుస్తోందని బండి తెచ్చాడు. నాన్న తిప్పి చూసి ఏమీ లేదన్నాడు. దారిలో బేరింగు పట్టేసి చక్రం తిరగలేదు. నెమ్మదిగా వెళ్తున్నాడు కాబట్టి బతికాడు." గొంతు తగ్గించింది. "నాన్నకి వినబడటం లేదత్తా. డాక్టరు దగ్గరికి పోదామంటే నా మీద విరుచుకుపడుతున్నాడు. నీ కారు కూడా తేలకపోతే రేపట్నుంచి షెడ్డుకి రావద్దని చెప్పేస్తా."

"ఇంట్లో కూర్చుని ఏం చేస్తాడే ఆయన?"

"ఏం చేస్తాడో నాకు తెలీదు. ఇక్కడుంటే మాత్రం ఎవరి ప్రాణం మీదికో తెస్తాడు."

పిల్ల అన్నదాంట్లో తప్పులేదు. తప్పులేదు కాబట్టే నాకు ఇంకా కోపం వచ్చింది. రెండుసార్లు అబద్ధం చెప్పి నేను చేసింది జాలి కాదు, ద్రోహం. "రేపు పొద్దున వస్తా. ఒక్క పూట ఆగు" అని చెప్పి వచ్చేశాను.

మేస్త్రికీ నాకూ మధ్య ఒక రహస్యం ఉంది. ఇరవై ఎనిమిదేళ్ల కింద, ఊరి బళ్లన్నీ బాగుచేసే ఆ మనిషికి రోడ్డు మీద కారు నడపడం వచ్చేది కాదు. షెడ్డులో ముందుకీ వెనక్కీ తీయడం వరకే. గేటు దాటితే చెమటలు పట్టేవి. టెస్టు రెండుసార్లు తప్పాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని నా దగ్గరకొచ్చాడు. మొదటి పాఠంలోనే ఆయన జబ్బేంటో నాకు తెలిసిపోయింది. ఎదురుగా లారీ వస్తుంటే బ్రేకు వేయడు, "దాని సైలెన్సరుకి చిల్లు పడింది" అంటాడు. పక్కన స్కూటరు పోతే "చైను వదులు" అంటాడు. రోడ్డు మీద ప్రతి బండీ ఆయనకు కష్టం చెప్పుకునేది. పాపం ఈయన అందరి మాటా వినేవాడు.

మూడో పాఠానికి ఇంటి నుంచి దూది తీసుకెళ్లి ఆయన రెండు చెవుల్లో కుక్కాను. "ఇప్పుడు కాలితో వినండి. క్లచ్చి ఎక్కడ పట్టుకుంటుందో కాలు చెబుతుంది" అని అరిచాను. ఆ పొద్దున మొదటిసారి ఒక్క కుదుపు లేకుండా కారు కదిలింది. చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వు కోసం ఇంకో ముప్పై ఏళ్లు నేర్పొచ్చు అనిపించింది నాకు.

మర్నాడు పొద్దున షెడ్డు తెరిచేసరికి వెళ్లాను. మేస్త్రి ఒక్కడే ఉన్నాడు. ఆయన చేతిలో చిటికెడు దూది పెట్టాను.

దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు. "ఎప్పట్నుంచి తెలుసు?"

"ఇండికేటర్ దగ్గర్నుంచి."

"మరి పోయిందన్నారు?"

"అబద్ధం చెప్పాను. రెండుసార్లూ. నాదే తప్పు, మేస్త్రీ."

పక్కనే ఉన్న టైరు మీద కూర్చున్నాడు. "ఏడాదిన్నరయింది. ముందు పిట్టలు పోయాయి. తర్వాత ఫోను. మనుషులైతే ఎదురుగా ఉంటారు, పెదాలు చూసి నెట్టుకొస్తున్నా. బండికి పెదాలుండవు కదా" అన్నాడు. "చెవి మేస్త్రికి చెవుడంటే ఏ మొహం పెట్టుకుని ఇక్కడ నిలబడను?"

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నేను కసురుతాను, అది నా అలవాటు. "మీ చెవులు మూసే కదా మీకు డ్రైవింగ్ నేర్పాను? ఆ రోజు కాలితో విన్నారు. ఈ రోజు చేత్తో వినండి. లేవండి."

ఆయన లేవలేదు. అరచేతులు తిప్పి చూసుకున్నాడు. తర్వాత లిఫ్టు వైపు చూశాడు. "ఇన్నాళ్లూ దీన్ని గాల్లోకి ఎత్తి చూస్తున్నాం" అన్నాడు మెల్లగా. "చక్రాలు వేలాడుతుంటే ఏం తెలుస్తుంది? బరువు మీద పడితేనే కదా అది మూలిగేది. గొయ్యి తెరవాలి."

అంతలో కూతురు వచ్చింది. చెక్కలు తీస్తున్న మా ఇద్దర్నీ చూసి తనూ ఒక చివర పట్టుకుంది. లోపల్నుంచి పాత ఆయిలు వాసన, తడి సిమెంటు వాసన వచ్చాయి. గొయ్యి గోడ మీద స్పానర్లు తగిలించే మేకులు వరసగా అలాగే ఉన్నాయి. ఈ గొయ్యి అంచున ఎన్ని మధ్యాహ్నాలు టీ తాగుతూ కబుర్లు చెప్పుకున్నామో. అవన్నీ మళ్లీ కావాలనిపించింది.

కారు గొయ్యి మీదికి తెచ్చాను. నాలుగు చక్రాలూ నేల మీదే ఉన్నాయి. మేస్త్రి కిందకు దిగాడు. "ఎడమ వైపు డిక్కీ మూల నొక్కి వదలండి" అన్నాడు. నేనూ అమ్మాయీ కలిసి ఊపాం. కింద ఆయన అరచెయ్యి షాకు మీద ఆనింది. "మళ్లీ." స్ప్రింగు. "మళ్లీ." అడ్డకడ్డీ. నాకు నడుం పట్టేసింది. "మళ్లీ" అన్నాడు. చక్రాన్ని బాడీకి కలిపే చెయ్యిలాంటి ఇనుప ఆర్మ్ ఉంటుంది. దాని ముందు చివరన ఆయన చెయ్యి ఆగిపోయింది.

"అమ్మా, కిందికి రా."

కూతురు దిగింది. ఆమె అరచేతిని అక్కడ పెట్టి పైన తన చెయ్యి వేశాడు. నేనొక్కదాన్నే పైన ఊపుతున్నాను. అమ్మాయి కళ్లు పెద్దవయ్యాయి. "కొడుతోంది నాన్నా."

టార్చి వేసి చూస్తే లోపలి రబ్బరు బుష్ చుట్టూ చిరిగి ఉంది. చక్రం వేలాడితే లోపలి ఇనుము బుద్ధిగా మధ్యలో కూర్చుంటుంది. బరువు పడితే ఇనుము వెళ్లి ఇనుముకు తగులుతుంది. "రెండేళ్ల కిందే కదా ఇది మార్చాం" అంది అమ్మాయి.

"మార్చాం. కానీ లిఫ్టు మీద వేలాడుతుండగానే బోల్టు బిగించాం. నేల మీద దింపేసరికి రబ్బరు మెలి తిరిగింది. రోజూ అలాగే తిరిగి తిరిగి చిరిగింది."

"బిగించింది నేనే" అంది.

"నేను పక్కనే ఉన్నా. చూసుకోలేదు."

కొత్త బుష్ ఎక్కించారు. బోల్టు వదులుగానే ఉంచి, కారును మళ్లీ గొయ్యి మీద నాలుగు చక్రాల మీద నిలబెట్టి, అప్పుడు కింద నుంచి కూతురి చేతే బిగింపించాడు. అక్కడే, ఆ గొయ్యిలోనే చెప్పాడు ఆమెకు.

"నాకు వినబడదమ్మా. నువ్వనుకున్నది నిజమే. వినాల్సినవి నువ్వు విను, పట్టుకుని చూడాల్సినవి నేను చూస్తా. చేతికి దొరకనిదాన్ని దొరికిందని చెప్పను."

ఆమె స్పానర్ కింద పెట్టింది. "డాక్టరు దగ్గరికి?"

"వస్తా. చెవికి మిషను పెడితే పెట్టుకుంటా. నలుగురూ చూస్తే చూడనీ."

"సోమవారం పోదాం. రేపు మాత్రం షెడ్డు తొమ్మిదికి తెరుస్తాం, నువ్వు ఆలస్యంగా రాకు" అంది కళ్లు తుడుచుకుంటూ. మొహమంతా గ్రీజు అయింది.

ఇక సందులో తిప్పి చూడాలి. మేస్త్రి తువ్వాలు నా చేతిలో పెట్టాడు. "మీరు పడుకోండి. నేను నడుపుతా."

"నేనా? వెనకా?"

"దూది కూడా అక్కర్లేదిప్పుడు" అన్నాడు స్టీరింగు ముందు కూర్చుంటూ. నవ్వాలో వద్దో తెలియక తువ్వాలు పరిచి పడుకున్నాను.

నా కారులో నేనెప్పుడూ వెనక కూర్చోలేదు. బ్రేకు లేని చోట నాకు కాలు నిలవదు. ఉత్త నేలను తొక్కుతూ చెవి ఆనించాను. మొదటిది దాటాం. రెండోది. మూడోది వచ్చింది. కారు మెత్తగా లేచి మెత్తగా దిగింది. ఏమీ లేదు. టిక్కు, టిక్కు, టిక్కు మాత్రం ఉంది.

"ఇండికేటర్ తీయండి" అన్నాను.

ఆయనకు వినబడలేదు. లేచి భుజం తట్టి వేలుతో చూపించాను. నాలిక కరుచుకుని తీసేశాడు. అద్దంలోంచి నా పెదాల వైపే చూస్తూ అడిగాడు, "పోయిందా?"

"పోయింది" అన్నాను. ఈ సందులో ఆ మాట మూడోసారి అంటున్నాను. నిజం చెప్పడం ఇదే మొదటిసారి.

ఆయన కారు పక్కకు తీసి ఆపాడు. "ఇంకేం వినబడుతోంది టీచరమ్మా?"

అద్దంలో నా మొహం బాగా కనబడేలా ముందుకు జరిగాను. "ఎవరో పైన బట్టలు ఉతుకుతున్నారు. ఎక్కడో కుళాయి కారుతోంది."

"పిట్టలు?"

"ఉన్నాయి. గోడ మీద రెండు. ఒకటే గోల."

తలాడించాడు. గేరు వేసి, సందు చివరిదాకా నెమ్మదిగా పోనిచ్చాడు. దారి పొడుగునా వినబడినవన్నీ నేను చెబుతూనే ఉన్నాను.