టిన్నుడు నీళ్ళు

ఏసీ అంటే అసిరయ్య, అసిరయ్య అంటే ఏసీ అని ఉక్కు కంపెనీ ఉన్న మా సాక్చీలో ఎవరినడిగినా చెప్పేవాళ్ళు. సరే, ముందుగా ఆ మాట పుట్టించింది నేనే అనుకోండి, అయితే ఏం? కరిగిన ఇనుము మీద వేలాడే క్రేను క్యాబిన్లో ఏసీ బిగించి, దాన్ని చావకుండా కాపాడటం ఎంతమంది వల్ల అవుతుంది? నా వల్ల అయింది. అందుకే ఆ డెబ్బై నాలుగు మే నెలలో నేను అప్ప అని పిలిచే మా అక్క పైడమ్మ, "పొద్దు వాలినాక ఎల్దాంరా అసిరీ, ఈ ఎండలో వద్దు" అంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎండ బండి బయటుంటాదే అప్పా, లోపల ఉండదు. నా ఏసీ మీద నమ్మకం నేదేటి నీకు?" అన్నాను.

అప్పకి ఒక్కతే కూతురు, గౌరి. ఆరేళ్ళది. దానికి పుట్టినప్పటి నుంచీ ఒంటికి చెమట పట్టదు. మనకైతే ఎండలో చెమట పోసి ఒళ్ళు చల్లబడుతుంది. దానికి ఆ దారే లేదు, వేడంతా లోపలే ఉండిపోతుంది. వేసవి వచ్చిందంటే తడిగుడ్డ చుట్టి, గంట గంటకీ నీళ్ళు చల్లుతూ కూర్చోవాలి. పర్సుడీహ్‌లో వాళ్ళది రేకుల ఇల్లు. ఆ ఏడు కరెంటు ఉన్న పూట కంటే లేని పూటే ఎక్కువ. పది రోజుల్లో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. రెండోసారి డాక్టరు దాచకుండా చెప్పేశాడు. "ఇంకోసారి ఇంత వేడెక్కితే పిల్ల దక్కదమ్మా. వానలు పడేదాకా రాంచీలో ఉంచండి, అక్కడ కాస్త చల్లగా ఉంటుంది. బస్సు మాత్రం ఎక్కించకండి" అన్నాడు.

రైల్లో పోదామంటే దేశమంతా రైల్వే సమ్మె. మా బావ లోకోషెడ్‌లో పనిచేసేవాడు. సమ్మె మొదలైన రెండో రోజే పోలీసులు పట్టుకుపోయి జైల్లో వేశారు. ఇక దిక్కు నేనే. కంట్రాక్టరు సీతారామరావు గారికి కలకత్తా వేలంలో కొన్న పాత అమెరికా కారు ఒకటుండేది. అందులో ఏసీ ఉంది. దాన్ని చూసుకునేది నేనే కనుక చొరవగా వెళ్ళి అడిగాను. "తీసుకెళ్ళు, రేపు పొద్దున్నకి నా గుమ్మంలో ఉండాలి" అన్నారాయన. అంటే సాయంత్రం దాకా ఆగడానికి మాకు వీలుంది. ఆగనిది నేను.

ఆయన డ్రైవరు సన్యాసిరావు తల గోక్కుంటూ వచ్చాడు. మెత్తని మనిషి, గట్టిగా మాట్లాడటం రాదు. "నెల్రోజులై సల్లదనం తగ్గిపోనాది మిస్త్రీ. పొద్దున్న బాగుంటాది, ఎండెక్కితే ఉత్త గాలే" అన్నాడు.

గ్యాసు వెళ్ళే గొట్టం దగ్గర ఒక చిన్న గాజు బిళ్ళ ఉంటుంది. ఇంజను నడుస్తుండగా అందులో బుడగలు కనిపిస్తే గ్యాసు తక్కువైందని మా లెక్క. చూశాను, బుడగలున్నాయి. గ్యాసు పట్టాను. షెడ్డు నీడలో చల్లగా గాలి కొట్టింది. "సూసినావా? కశ్మీరే ఇంక" అన్నాను.

పదకొండున్నరకి బయల్దేరాం. నేను ముందు సీట్లో, వెనకాల అప్ప ఒళ్ళో గౌరి, అప్ప కాళ్ళ దగ్గర పెద్ద టిన్ను నిండా నీళ్ళు. మాంగో వంతెన దాటేటప్పటికి గౌరి కిటికీ అద్దానికి ముక్కు ఆనించి నదిలో ఇసుక చూస్తూ పాట పాడుతోంది. చాండిల్ వచ్చేసరికి పాట ఆపేసింది. చౌకా దగ్గరికి వచ్చేసరికి, "మామా, ఔర్ కిత్నా దూర్?" అని అడిగింది. ఇంకా సగం దారి కూడా రాలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ముందు నుంచి వచ్చే గాలికి చెయ్యి అడ్డం పెట్టి చూశాను. పొయ్యి పక్కన నిలబడ్డట్టుంది.

"అసిరీ, ఇదేటిరా?" అంది అప్ప.

"ఎండెక్కువగా ఉంది గదా. సర్దుకుంటాది."

"అద్దాలు దించుతాను."

"దించితే వడగాలి కొడతాదే! మూసే ఉంచు!"

దించితే వడగాలి, మూస్తే ఉడుకు. అప్ప ఆ పిల్ల నెత్తి మీద చెంబుతో నీళ్ళు పోస్తూనే ఉంది. నీళ్ళు ఇట్టే ఆరిపోతున్నాయి. గౌరి ముఖం ఎర్రగా కందిపోయింది. ఆ ముఖం మీద ఒక్క చుక్క చెమట లేదు.

ఒక చెట్టు కింద బండి ఆపించి బానెట్ ఎత్తాను. బెల్టు నొక్కి చూశాను, బిగువుగానే ఉంది. కంప్రెసర్ తిరుగుతోంది. లోపలికి పోయే లావుపాటి గొట్టం మంచులా ఉండి దాని మీద నీటిచుక్కలు పట్టాలి. అది పొడిగా, గోరువెచ్చగా ఉంది. రెండోది ముట్టుకుంటే వేలు చుర్రుమంది. గాజు బిళ్ళలో మళ్ళీ బుడగలు. డిక్కీలోంచి గ్యాసు సిలిండరు దించాను.

"ఇంకా పడతావేటి మిస్త్రీ? పొద్దున్నే పట్టినావు గదా" అన్నాడు సన్యాసిరావు.

"నువ్వు స్టీరింగు పట్టుకో, అది నీ పని. ఇది నా పని" అని కసిరాను. "క్లచ్ మీద కాలేసుకుని బండి నడిపి ఏసీని సంపినోడివి, నాకు సెప్పొచ్చినావా!"

అతను ఎప్పుడూ క్లచ్ మీద కాలు వెయ్యడు. నాకు తెలుసు. అయినా అన్నాను. ఇంకో దఫా గ్యాసు పట్టాను.

పది నిమిషాలు కూడా నడవలేదు. ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. సన్యాసిరావు పక్కకి తీసి ఆపాడు. రెండు వైపులా బోడి గుట్టలు, ఎండిన గడ్డి. ఊరు లేదు, నుయ్యి లేదు, కనుచూపు మేరలో ఒక్క లారీ లేదు. ఏసీ ఇంకా వేడి గాలి చిమ్మడం మొదలెట్టింది.

"నీళ్ళు కావాలి మిస్త్రీ. రేడియేటరు జాలీ మీద కొట్టకపోతే ఇంజను పట్టేత్తాది" అన్నాడు సన్యాసిరావు. వెనక్కి తిరిగి టిన్ను కేసి చూసి, చూపు తిప్పేసుకున్నాడు. టిన్నులో సగం కంటే తక్కువే మిగిలాయి.

నేను వెనక తలుపు తీశాను. "అప్పా, నీళ్ళియ్యే."

అప్ప టిన్ను మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది. "నీ బండికి పోత్తే నా గుంటపిల్లకేటి పొయ్యాలిరా?"

"బండి కదలకపోతే ఇక్కడే మాడి సత్తాం. ఇయ్యి!"

"ఇయ్యను! పొద్దు వాలినాక అన్నానా? అన్నానా లేదా? కశ్మీరన్నావు! నీ కశ్మీర్‌లో కూకుని నా గుంట ఉడికిపోతంది సూడు!"

చూశాను. గౌరి కళ్ళు సగం మూతపడ్డాయి. కింది పెదవి ఓ పక్కకి ఎగురుతోంది. ఫిట్స్ వచ్చే ముందు అలాగే ఎగురుతుంది. నలభై టన్నుల క్రేను కింద పనిచేసినప్పుడు కూడా నేనంత భయపడలేదు.

"ఒక్క సెంబుడు అప్పా. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్క సెంబుడు" అన్నాను.

అప్ప నా ముఖం కేసి ఒక్క క్షణం చూసింది. టిన్ను వంచి చెంబు నింపి ఇచ్చింది. ఆ నీళ్ళు తొణక్కుండా రెండు చేతులతో పట్టుకెళ్ళాను. సన్యాసిరావు ఇంజను నెమ్మదిగా నడుస్తుండనిచ్చి, నా చేతిలోంచి చెంబు తీసుకుని ముందు జాలీ పైనుంచి సన్నగా పోశాడు. నీళ్ళు బుస్సుమని పొంగాయి.

"అసిరీ!" అని లోపల్నుంచి కేక. పిల్లకి ఏదో అయిపోయిందనుకున్నాను. "అసిరీ, సల్లగాలొచ్చినాదిరా! వచ్చినాది!"

పరుగున వెళ్ళి చెయ్యి పెట్టాను. నిజమే, చల్లగా ఉంది. ఓ అర నిమిషం ఉండి మళ్ళీ వేడెక్కింది. ఆ అర నిమిషంలో నాకు అంతా అర్థమైపోయింది. గ్యాసు తక్కువ కానే కాదు. కారులోని వేడిని బయటికి తోసేది ముందున్న కండెన్సర్. దానికి గాలి ఆడటం లేదు, అందుకే నీళ్ళు పడగానే పనిచేసింది. గాలి ఆడని దానికి నేను గ్యాసు మీద గ్యాసు కుక్కి, ఉన్న కాస్త ఊపిరీ బిగించేశాను.

స్క్రూడ్రైవరు తీసి ముందున్న కమ్మీల పలక ఊడదీశాను. కండెన్సర్ మీద ఎర్రటి అట్ట ఒకటి, ఆ మూల నుంచి ఈ మూల దాకా కట్టి ఉంది. గోరుతో గీరితే మట్టి పెచ్చు ఊడింది. కింద ఫెల్టు గుడ్డ. నాలుగు మూలలా రాగి తీగతో మూడేసి మెలికలు తిప్పి బిగించి ఉంది. అలా మూడు మెలికలు తిప్పే మిస్త్రీ ఆ ఊళ్ళో ఒక్కడే.

క్రేను క్యాబిన్లలో ఇనుప దుమ్ము పడకుండా కండెన్సర్ ముందు ఫెల్టు కట్టడం మా పద్ధతి. అక్కడ పెద్ద ఫ్యాను ఉంటుంది, వారం వారం గుడ్డ మారుస్తాం. హోలీ ముందు ఈ కారుకీ అలాగే కట్టాను, ఎవరూ చెప్పకుండా, నా తెలివి చూపించుకోడానికి. వారం తిరిగాక మారుద్దామనుకున్నాను. ఇంకో వారం అనుకున్నాను. తర్వాత ఆ ఊసే మరిచిపోయాను. సన్యాసిరావు రోజూ బండి కడిగిన నీళ్ళకి కంపెనీ దుమ్ము తడిసి, ఎండి, గోడ కట్టింది.

అప్ప పిల్లని భుజాన వేసుకుని దిగి నా పక్కకి వచ్చింది. "ఏటిరా అది?"

"రోడ్డు మీద చెత్తేదో ఇరుక్కున్నాది" అన్నాను.

సన్యాసిరావు రాగి తీగ కేసి చూశాడు. నా కేసి చూశాడు. జరిగి, అప్పకి ఆ తీగ కనపడకుండా అడ్డంగా నిలబడ్డాడు. ఆ పెద్దమనిషి ఆ పూట నా పరువు కాపాడటానికి సిద్ధపడ్డాడు. నాకు సిగ్గేసింది. ఛీ, ఎందుకీ బతుకు అనిపించింది.

"చెత్త కాదే అప్పా. నానే కట్టినాను. నా సేతుల్తో నానే కట్టి మరిసిపోనాను. ఇతని తప్పేటీ నేదు. గ్యాసు కూడా అనవసరంగా పట్టినాను."

అప్ప చాచి లెంపకాయ కొట్టింది. ముప్ఫై రెండేళ్ళ మగాణ్ణి, నడిరోడ్డు మీద. చెవి గుయ్యిమంది.

"ఎంతసేపు పడతాది?" అని అడిగింది.

"అయిదు నిమిసాలు."

"ఎల్లు."

గుడ్డ పీకి పారేశాను. ఇక ఎక్కువైన గ్యాసు తీసెయ్యాలి. దానికి కావలసిన, ఒత్తిడి చూపించే గేజీ షెడ్డులోనే వదిలేశాను, గొప్పకి పోయి. వాల్వు మీద బొటనవేలూ చూపుడువేలూ అదిమిపెట్టి కొద్ది కొద్దిగా వదిలాను. గ్యాసు బుసకొడుతూ వేళ్ళ మీద పడింది. చల్లదనం సూదుల్లా దిగింది, వేళ్ళు తెల్లబడ్డాయి. తియ్యలేదు. గాజు బిళ్ళలోకి చూస్తూ, సరిపోయిందని నమ్మకం కుదిరేదాకా వదులుతూనే ఉన్నాను. వెనక అప్ప, "గౌరీ, కళ్ళు తెరువమ్మా, నా తల్లి కదా, తెరువు" అంటూనే ఉంది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

సన్యాసిరావు రేడియేటరులో మరో చెంబు పోసి బండి కదిపాడు. టిన్నులో అడుగున ఇంకో రెండు చెంబులున్నాయేమో. మొదట వేడిగాలే వచ్చింది. తర్వాత వెచ్చగా. ఒక మైలు, రెండు మైళ్ళు. నాకు వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. పిల్లకి ఏమైనా అయితే ఈ బండి తలుపు తీసుకుని దూకేద్దామని నిజంగానే అనుకున్నాను. గాలి చల్లబడుతోందో, నా వేళ్ళు మొద్దుబారి అలా అనిపిస్తోందో తెలియక ముఖం వంచి చెంపతో చూశాను. అప్ప కొట్టిన చెంపకే తగిలింది చల్లగా.

తమాడ్ ఇంకా రాలేదు. వెనక సీట్లోంచి సన్నటి గొంతు వినపడింది.

"మా, ఠండ్ లగ్ రహీ హై."

అప్పకి అర్థం కాలేదో, అర్థమై నమ్మలేదో. "ఏటమ్మా? ఏటన్నావు?"

"ఠండ్, మా. చద్దర్ దో."

ఆరేళ్ళలో ఆ పిల్ల చలేస్తోందని దుప్పటి అడగడం ఎవరూ వినలేదు. అప్ప దాని మెడ మీద చెయ్యి వేసింది, పొట్ట మీద వేసింది, అరికాళ్ళు తడిమింది. చీర కొంగు నిండా కప్పేసి, దాన్ని గుండెకి హత్తుకుని భోరుమంది. నేను ముందుకి తిరిగి కూర్చున్నానే గానీ నా ముఖం కూడా కన్నీళ్ళతో తడిసిపోయింది. సన్యాసిరావు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

కాసేపటికి అప్ప ముక్కు చీదుకుని నన్ను పిలిచింది.

"ఒరే అసిరీ, కొంచెం తగ్గించరా. గుంటకి సలేత్తంది."

మీటకి చెయ్యి చాచాను. వేళ్ళు మడతపడలేదు. సన్యాసిరావు నా చెయ్యి మెల్లగా పక్కకి తీసి, తనే తగ్గించాడు.