మెట్ల మీద రెండు వేళ్లు

"కుడికాలు ముందు. తొందరేం లేదు, బస్సేమీ వెళ్లిపోవడం లేదు" అంది నడకల టీచరు.

ఆసుపత్రి బోర్డు మీద ఆమెను ఫిజియోథెరపిస్టు అని రాశారు. మోకాళ్ల ఆపరేషన్ చేయించుకుని మూలుగుతున్నవాళ్లకి అంత పొడుగు పేరు పలికే ఓపిక ఎక్కడుంటుంది? ఎవరో నడకల టీచరన్నారు, అదే ఖాయమైపోయింది. ఇప్పుడు ఆమె ముందు రెండు ఇనుప కడ్డీలు పట్టుకుని, కొత్త మోకాలితో తంటాలు పడుతున్న ఆయన సినిమా క్లబ్బు కార్యదర్శి. కాలు కదలడం లేదు గానీ నోటికి మాత్రం విశ్రాంతి లేదు.

"శనివారం సాయంత్రానికి హాలు దొరికింది టీచరుగారూ. మీ నాన్నగారు పోయి ఏడాది కదా, ఆయన సినిమా ఒకటి వేద్దామనుకున్నాం. ఒక్కటే. మీకు అన్నిటికన్నా ఇష్టమైంది మీరే చెప్పాలి. ఏది చెబితే అదే వేస్తాం" అన్నాడాయన. ఊపిరి తీసుకుని, "అంటే, మీరు వార్డెన్ సినిమానే చెబుతారనుకోండి" అని కూడా అన్నాడు.

"సోమవారం చెబుతాను. ఎడమకాలు" అంది ఆమె.

ఊళ్లో ఎవరిని అడిగినా ఆ పెద్ద నటుడి సినిమాల్లో తమకిష్టమైంది ఠక్కున చెబుతారు. కన్నకూతురు చెప్పలేకపోయింది. ఆయన వెయ్యని వేషం లేదు. దొంగ, జడ్జి, బాక్సరు, సైన్యాధిపతి, చివరికి ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ కూడా. ఏ వేషం వేస్తే వాడే అయిపోతాడని పత్రికలు ఆకాశానికెత్తేవి. ఎలా అయిపోతాడో మాత్రం ఇంట్లోవాళ్లకే తెలుసు. మహానుభావుడు పచ్చి దొంగ. పేపరు వేసే అతని తుమ్ము జడ్జి పాత్రలోకి వెళ్లిపోయింది. మేనమామ అలిగితే గోడవైపు తిరిగి చెవి గోక్కుంటాడు, ఆ అలక సైన్యాధిపతికి పనికొచ్చింది. ఆయన భోజనానికి వస్తున్నాడంటే చుట్టాలు ఒళ్లు దగ్గర పెట్టుకుని కూర్చునేవారు. ఆవలింత వచ్చినా పెరట్లోకి వెళ్లి తీర్చుకునేవారు.

అందరినీ అంత ధారాళంగా దోచినవాడు ఒక్కరిని మాత్రం ఎప్పుడూ చేసి చూపించలేదు.

ఆమె తల్లి పోయేనాటికి ఆమెకి ఐదేళ్లు. ఇంట్లో ఫోటోలున్నాయి. అన్నిట్లోనూ అమ్మ గోడకి కొట్టిన మేకులా నిటారుగా నిలబడి ఉంటుంది. అమ్మ ఎలా నడిచేదో, పిలిస్తే ఎలా తిరిగి చూసేదో ఆమెకి తెలియదు. పొద్దున లేచింది మొదలు ఊరివాళ్ల నడకలు చూసి, ఎవరి తుంటి ఎటు ఒరుగుతోందో, ఎవరు మడమ నేలకి ఆనించడం లేదో చెప్పే మనిషికి సొంత తల్లి నడక తెలియదు. ఆ దిగులు ఆమెకి పంటికింద రాయిలా రోజూ తగులుతూనే ఉండేది.

చిన్నప్పుడు గారాబంగా అడిగింది. "అందరినీ చేస్తావు కదా నాన్నా, అమ్మని ఒక్కసారి చెయ్యవూ?" కాలేజీ రోజుల్లో తలుపులు ధనధనా వేసి అడిగింది. కిందటేడు ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని, ఇక అడగడానికి రోజులు లేవని తెలిసి అడిగింది. మూడుసార్లూ ఆయన ఒకటే మాట అన్నాడు.

"అది నాకు రాదు తల్లీ."

రాకపోవడమేమిటి? పేపరతని తుమ్ము వచ్చినవాడికి పెళ్లాం నడక రాదా? ఇవ్వడం ఇష్టం లేదంతే అనుకుంది. ఆ కోపం చల్లారకముందే ఆయన కన్నుమూశాడు. తిట్టుకోవడానికి మనిషి కూడా లేకుండా పోయాడు.

అందుకే కార్యదర్శి అడగగానే ఆమెకి ఒక్కటే తోచింది. ఏదో ఒక సినిమాలో అమ్మ ఉండితీరాలి. ఇంటిదొంగ కదా, ఎక్కడో ఒకచోట వాడుకునే ఉంటాడు. అమ్మ ఉన్న సినిమాయే తనకిష్టమైన సినిమా. కాకపోతే కళ్లెదుట కనబడినా తను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టగలిగిన మనిషి ఒక్కతే మిగిలింది, పెద్దమ్మ.

పెద్దమ్మ అంటే తల్లికి అక్క. ఐదేళ్ల పిల్లని చంకనేసుకుని పెంచింది. చెల్లెలు పోయిన నాలుగో రోజునే మరిది పెట్టె సర్దుకుని షూటింగుకి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఆవిడ ఆయన సినిమా ఒక్కటీ చూడలేదు. టీవీలో ఆయన ముఖం కనబడితే చాలు, చేతిలో కాఫీ గ్లాసుతో సహా లేచి అవతలి గదిలోకి వెళ్లిపోయేది.

"నేను చూడను. ఆ మహానుభావుడికి ఏడవడానికి కూడా తీరిక లేకపోయింది. నేను ఆయన్ని చూడ్డానికి తీరిక చేసుకోవాలా?" అంది పెద్దమ్మ.

"ఆయన్ని చూడొద్దు. అమ్మ ఎక్కడన్నా ఉందేమో చూడు. నాకు గుర్తులేదు పెద్దమ్మా. నీకుంది. ఒక్క ఆదివారం నీ కళ్లు నాకు అరువియ్యి."

పెద్దమ్మ కళ్లజోడు తుడుచుకుంది.

ఆదివారం భోజనాలు కాగానే కిటికీ తెరలు వేసి, ముందుగా వార్డెన్ సినిమా పెట్టింది నడకల టీచరు. ఆయన వేసిన ఒకే ఒక ఆడవేషం అది. అమ్మ ఉంటే అందులోనే ఉండాలి. తెర మీద హాస్టలు వరండా. నడుముకి తాళాలగుత్తి, గడ్డం పైకెత్తుకుని, మడమలతో నేలని తిడుతున్నట్టు టకటకా నడిచొచ్చింది వార్డెన్. ఒక గది ముందు ఆగి, మూతి ఎడమకి తిప్పి, "ఇంకా పడుకోలేదా రాణిగార్లు?" అంది.

నడకల టీచరు తెర వదిలేసి పెద్దమ్మ ముఖమే చూస్తోంది. "అమ్మేనా?"

పెద్దమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. "కాదు. అది ఇలా మూతులు తిప్పేది కాదు. కానీ ఈవిణ్ని నేనెక్కడో చూశానే. ఈ గడ్డం, ఈ ఎత్తిపొడుపు... ఎవరే ఇది?"

ఆమె పెదవి కొరుక్కుంది. నవ్వు ఆగలేదు. "నువ్వే పెద్దమ్మా."

పెద్దమ్మ నోరు వెళ్లబెట్టింది. వార్డెన్ మళ్లీ మూతి తిప్పింది. సోఫాలో పెద్దమ్మ మూతి కూడా, ఆవిడకి తెలియకుండానే, అటే తిరిగింది.

"దీనికేనా బహుమతిచ్చారు?"

"దీనికే. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు."

"అయితే అది షోకేసులో ఎందుకుంది? తీసుకొచ్చి నా గదిలో పెట్టు" అంది పెద్దమ్మ. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే నడకల టీచరుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. తన ఆశంతా ఆ సినిమా మీదే పెట్టుకుంది.

తర్వాత జడ్జిని చూశారు, బాక్సర్ని చూశారు. సైన్యాధిపతి గోడవైపు తిరిగి చెవి గోక్కుంటుంటే పెద్దమ్మ తమ్ముడిని గుర్తుపట్టి ముచ్చటపడింది. అమ్మ మాత్రం ఎక్కడా లేదు. ఎండ తగ్గిపోయింది. ఫ్లాస్కులో టీ అయిపోయింది. నడకల టీచరు రిమోట్ పక్కన పడేసి, "ఇంక చాలు పెద్దమ్మా. నిజంగానే రాదేమో ఆయనకి" అంది.

పెద్దమ్మ లేవలేదు. ఒళ్లోని చేతులకేసి చూసుకుంటూ, "అది వెయ్యి" అంది.

"ఏది?"

"నాలుగో రోజున వెళ్లాడే. అది."

అదొక హాస్య సినిమా. లాడ్జి నడిపే పిసినారి వేషం. మూడు రోజులాడి డబ్బాలోకి వెళ్లిపోయింది. ఆయన దాని పేరు కూడా ఎత్తేవాడు కాదు. డిస్కు మీది ప్లాస్టిక్ కాగితం అలాగే ఉంటే, నడకల టీచరు గోళ్లతో చింపింది.

బొర్రకి దిండు కట్టుకుని, ముక్కు చివర కళ్లజోడు పెట్టుకుని, బల్బుల కరెంటు గురించి లాడ్జివాళ్ల ప్రాణాలు తోడేస్తున్నాడు ఆయన. జోకులు పేలడం లేదు. కొత్తగా దిగిన మనిషికి పైఅంతస్తులో గది చూపించే సీను వచ్చింది. కొత్తవాడు కిందనే టాక్సీ డ్రైవరుతో గొడవలో పడ్డాడు. అది చూసుకోకుండా యజమాని మెట్లెక్కడం మొదలుపెట్టాడు. కెమెరా ఆయన వెనకే ఉంది. వీపు మాత్రమే కనబడుతోంది.

ఆయన ఎడమచెయ్యి నెమ్మదిగా వెనక్కి వచ్చింది. రెండు వేళ్లు చాచి, రా రా అన్నట్టు కదిపాడు. వెనక్కి తిరగలేదు. ఒక మెట్టెక్కి, రెండోకాలు కూడా అదే మెట్టు మీద పెట్టి, ఆగాడు. మళ్లీ ఒక మెట్టు. మళ్లీ రెండు కాళ్లూ. మళ్లీ ఆగాడు. వేళ్లు కదులుతూనే ఉన్నాయి. వెనక ఎవరూ లేరు, అదీ అక్కడి జోకు. మెట్ల మలుపు దగ్గర గోడ అడ్డొచ్చి, ఆయనా చెయ్యీ కనబడకుండా పోయాయి.

నడకల టీచరు ముందు వృత్తికొద్దీ అనుకుంది. మోకాళ్లు బాగున్న మనిషి మెట్టుకి రెండు కాళ్లూ పెట్టడు. వెనక పొట్టి కాళ్లవాళ్లెవరో వస్తుంటే, వాళ్ల కోసం అలా ఎక్కుతారు.

అప్పుడు తన కుడిచెయ్యి చూసుకుంది. ఒళ్లో ఆ చెయ్యి పిడికిలి బిగించి ఉంది. ఎప్పుడు బిగిసిందో ఆమెకి తెలియదు. పిడికిలిలో ఏమీ లేదు. కానీ అందులో ఉండాల్సినదేదో ఆమెకి తెలిసింది. చల్లగా, తడిగా, బట్టలసబ్బు వాసనతో రెండు వేళ్లు. లిఫ్టు లేని పాత ఇల్లు. తన తలకి కాస్త పైన ఆ చెయ్యి. ఇన్నేళ్లూ అమ్మ ముఖం కోసం వెతుక్కుంది. అమ్మ ఆమెకి వెనకనుంచి తెలుసు.

పెద్దమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చెయ్యంతా ఇస్తే నేను దాన్ని ఈడ్చుకుపోతాననేది మీ అమ్మ. రెండు వేళ్లిస్తే అదే పట్టుకుని ఎక్కుతుందిలే అక్కా అనేది. వెనక్కి తిరిగి చూసేది కాదు. చూస్తే నువ్వు ఎత్తుకోమంటావని." ఆవిడ కళ్లజోడు తీసేసింది. "నాలుగో రోజున వెళ్లి ఇది చేశాడా వెర్రివాడు! నేనేమో ఏడవలేదని తిట్టుకుంటూ కూర్చున్నాను."

"అడిగితే రాదన్నాడు పెద్దమ్మా."

"వస్తుంది. నీకు చేసి చూపిస్తే నువ్వు ఊరుకుంటావా? మళ్లీ చెయ్యమంటావు."

నిజమే. ఆ సాయంత్రం ఆమె ఆ సీను ఎన్నిసార్లు వేసుకుందో లెక్కలేదు. ప్రతిసారీ ఆయన మలుపు తిరిగిపోయేవాడు. ప్రతిసారీ మళ్లీ మొదటి మెట్టు మీదికి తీసుకొచ్చేది. ఇలా మళ్లీ మళ్లీ చెయ్యమని అడిగి ఉంటే నాన్న ఏమైపోయేవాడో అప్పుడు అర్థమైంది. కోపం పోయింది. కోపం ఉన్నచోట నాన్న మీద బెంగ వచ్చి కూర్చుంది.

సోమవారం సినిమా పేరు వినగానే కార్యదర్శి కడ్డీలు వదిలేసినంత పని చేశాడు. "అదా! టీచరుగారూ, జనం నన్ను తంతారు. ఆయన అంత నీరసంగా చేసిన సినిమా ఇంకోటి లేదు. అందులో ఏముందండీ?"

"మా అమ్మ ఉంది."

ఆయన కళ్లు చిట్లించాడు. ఆ సినిమాలో వేసినవాళ్లందరి పేర్లూ ఆయనకి కంఠతా. "ఏ వేషం?"

"మెట్ల సీనులో. కడ్డీ పట్టుకోండి, పడతారు."

శనివారం హాలు సగం నిండింది. మంచి సీట్లు ఖాళీగా ఉన్నా నడకల టీచరు పెద్దమ్మని చెయ్యిపట్టుకుని, ఎవరూ కూర్చోని మొదటి వరసకి తీసుకెళ్లింది.

"మెడ పట్టేస్తుందే" అంది పెద్దమ్మ.

"రేపు నేను సరిచేస్తాగా. ఇక్కడినుంచే చూడాలి."

లైట్లు ఆరిపోయాయి. పిసినారి బల్బుల గొడవ నడిచింది, ఎవరూ నవ్వలేదు. మెట్ల సీను వచ్చింది. ఇంట్లో బొటనవేలంత కనబడిన చెయ్యి ఇక్కడ తెరంతా పరుచుకుని, ఆమె తలకి పైన, ఐదేళ్ల పిల్లకి అమ్మ చెయ్యి ఉండాల్సిన ఎత్తులో, వెనక్కి వచ్చింది. రెండు వేళ్లు చాచుకున్నాయి. రా రా అన్నాయి. వెనక ఎవరూ లేకపోవడం చూసి హాలంతా మొదటిసారి ఘొల్లున నవ్వింది. పెద్దమ్మ కూడా నవ్వింది, ఏడుస్తూ.

నడకల టీచరు చెయ్యి పైకెత్తింది. ఇంకొక్క మెట్టు ఆగు నాన్నా అని మనసులో బతిమాలుకుంది. మలుపు వచ్చేసింది.