చెవులకు అడ్డం లేని తెర

నేను ఒక తెరను. చీరాల మగ్గం మీద పుట్టిన ముదురు ఆకుపచ్చ గుడ్డను. నేసినవాడు నన్ను తలుపు ముందు వేలాడదీస్తారనుకున్నాడు. ఆసుపత్రివాళ్ళు తలుపుకు బదులుగా వేలాడదీశారు. మానసిక వైద్యుడి గదికీ వరండాకూ మధ్య ఉన్నది నేనొక్కదాన్నే.

మనుషులది వింత నమ్మకం. కంటికి కనబడకపోతే చాలు, రహస్యం దాగినట్టే. చెవి సంగతి ఎవరికీ పట్టదు. పైగా ఈ గదికి ఒక ఆచారం ఉంది. లోపల ఒకరు గుండె విప్పుతుండగానే అటెండరు కోటిలింగం తర్వాతివాళ్ళను పిలిచి, నాకు ఇవతల, గది లోపలే స్టూలు మీద కూర్చోబెడతాడు.

"రండమ్మా, సిగ్గుపడితే ఎట్టా? ఈడకొచ్చినోళ్ళంతా ఒకటే!"

డాక్టరు తలెత్తడు. వరస కదిలితే చాలు, అదే ఆయనకు వైద్యం.

ఒక రోజు వకుళ టీచరు వచ్చింది. డాక్టరు ఎదురుగా కూర్చుంది.

"పిల్లలు పాఠం అప్పజెబుతుంటే ఇంకో గొంతు వినబడుద్దండీ. నువ్వు బతికి ఏం చేస్తావు, చచ్చిపో అంటది."

స్టూలు మీద ఝాన్సీ అనే ఆవిడ. నిద్ర మాత్రల కోసం వచ్చింది. ఆమె మెడ సాగడం నేను చూశాను.

"అయ్యో! నువ్వు మా బుడ్డోడి టీచరువి గదూ!" అంది, జాలిగానే.

వకుళ కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"మాట్లాడకుండా కూర్చోమ్మా," అని డాక్టరు ఝాన్సీని కసిరాడు. బయటికి వెళ్ళమని మాత్రం అనలేదు. ఎంత పెద్ద చదువు! ఆ ఒక్క మాట ఏ పుస్తకంలోనూ లేదు కాబోలు.

కొద్ది రోజులకే కోటిలింగం వార్త మోసుకొచ్చాడు. "ఆ టీచరమ్మని బళ్ళోకి రావద్దన్నారంట సార్."

"అరె, వాళ్ళకెలా తెలిసింది?" అని డాక్టరు ఆశ్చర్యపోయాడు. నాకు గోళ్ళుంటే రక్కేదాన్ని.

మరుసటి నెల వకుళ మళ్ళీ వచ్చింది. స్టూలు మీద మరెవరో ఉన్నారు. ఆమె అటు చూసి, తల దించుకుంది.

"ఆ గొంతు ఇంకా వినబడుతోందా?"

"లేదండీ. బాగున్నాను."

"చూశావా, మందు పట్టింది!" డాక్టరు సంతోషంగా మోతాదు తగ్గించాడు.

ఆమె లేచి నా దాకా వచ్చింది. నన్ను పక్కకు తొయ్యలేదు. గుప్పిట్లో బిగించి పట్టుకుంది. ఎదురుగా ఎవరూ లేరు. పెదవులు కదిలాయి.

"ఇక్కడొద్దు. ఊరుకో. ఇంటికి పోయాక నీ మాట వింటాలే."

వెనక నుంచి కోటిలింగం అరిచాడు:

"దారికడ్డం నిలబడతావేంటమ్మా, జరుగు జరుగు!"