కళ్ళజోడు సీనులో ఒక ప్రశ్న

భార్య గొంతు పోయిన రోజు మాస్టారికి బాగా గుర్తు. అది ఆవిడ పోయిన రోజు కాదు, అంతకు కొన్ని నెలల ముందు మాట.

ఆ సాయంత్రం ముందుగదిలో కూతురి ఆడిషన్ వీడియో తీస్తున్నారు. సినిమాలకు పిల్లల్ని ఎంపిక చేసేవాళ్ళు ఇప్పుడు మొదటే రమ్మనడం లేదు. ఒక సీను రాసి పంపుతారు, ఇంట్లో నటించి వీడియో తీసి పంపాలి. ఫోను ముందు పిల్ల ఉంటుంది. ఎదుటి పాత్ర మాటలు ఫోను వెనక నుంచి ఇంకొకరు చదవాలి. ఆ ఇంకొకరు ఎప్పుడూ తల్లే. గోడకు నీలం దుప్పటి కట్టి, పుస్తకాల దొంతరకు ఫోను ఆనించి, పక్కనే ఎత్తు పీట మీద కూర్చుని చదివేది. "మనం గోడలాంటివాళ్ళం. బంతి వేస్తే తిరిగి వెళ్ళాలి, అంతే. గోడ నటించకూడదు" అనేది.

ఆ రోజు సగం సీనులో ఆవిడ నోట గాలి తప్ప ఏమీ రాలేదు. జబ్బు గొంతుదాకా వచ్చిందని ముగ్గురికీ అర్థమైంది. అయినా ఆవిడ ఆగలేదు, పెదవులు కదుపుతూ పోయింది. కూతురు ఆ పెదవులనే చూస్తూ, ఎక్కడా తడబడకుండా జవాబులు చెప్పింది. మంచం పట్టాక కూడా వాళ్ళ సాధన అలాగే సాగింది. పక్కగదిలో పరీక్ష పేపర్లు దిద్దుకునే మాస్టారికి సగం సంభాషణే వినిపించేది. కొన్నాళ్ళకు ఆయనకు రెండో సగం కూడా వినిపిస్తున్నట్టే ఉండేది.

ఆవిడ పోయాక ఆడిషన్ల ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ ఒక సీను వచ్చినప్పుడు ఆ కాగితాలు తెచ్చి తండ్రి ముందు పెట్టింది కూతురే. పదో తరగతి పిల్ల. చూడ్డానికి ఇంతే కానీ నోట్లో వేసుకుంటే తెలుస్తుంది అంటూ తల్లి పెట్టిన పేరు మిరియం.

"ఇదొక్కటీ చేస్తాను నాన్నా. రాకపోతే ఇంక మానేస్తాను."

"మానెయ్యడం ఎందుకు?"

"అమ్మ లేకుండా నాకు చేతనవునో కాదో తెలియాలి కదా."

పిల్లకు చేతనవుతుందని మాస్టారికి తెలుసు. చేతకానిదల్లా తనకే. తాను సరిగ్గా చదవక ఇది చెడితే పిల్ల ఆ తప్పు తన మీదే వేసుకుంటుందని ఆయన భయం.

సీను చిన్నదే. ఒక అమ్మాయి తాతగారి కొత్త కళ్ళజోడు తీసుకోవడానికి దుకాణానికి వస్తుంది. ముక్కు మీద పెట్టి సరిచూడాలి, ఆయన్నే రమ్మను అంటాడు దుకాణదారు. తాతగారు ఇక లేరని ఆ అమ్మాయి చెప్పదు. సీను పొడుగునా ఆ ఒక్క మాట చెప్పకుండా నెట్టుకొస్తుంది.

మాస్టారు పీట ఎక్కి గొంతు సవరించుకున్నారు. "ఆయన్నే... రమ్మని... చెప్పాను... కదమ్మా."

మిరియం నడుం మీద చెయ్యి వేసుకుంది. "నాన్నా, నేను రాసుకోవట్లేదు."

"స్పష్టంగా వినపడాలి కదా."

"ఇక్కడ వెనక బెంచీలు లేవు. మామూలుగా చదువు."

మామూలుగా అంటే కాస్త భావం కలపాలేమో అనుకున్నారు మాస్టారు. రెండోసారి గొంతులో జాలి పోసి చదివారు.

"కళ్ళజోళ్ళు అమ్మేవాడు ఇంత కుమిలిపోతే దుకాణం ఎప్పుడో మూసేసేవాడు" అంది మిరియం. "పొద్దున్నించీ నిలబడి కాళ్ళు లాగుతున్నాయి వాడికి. ఇంటికెళ్ళి అన్నం తినాలి. అంతే."

చాలా రోజుల తర్వాత మాస్టారికి నవ్వు వచ్చింది. కాళ్ళు లాగడం ఆయనకు తెలిసిన సంగతే. బడి వదిలే వేళ హాజరు పిలిచినట్టు, ఏ రంగూ లేకుండా చదవడం మొదలుపెట్టారు. కూతురు తల ఊపి ఫోను నొక్కింది.

సగం బాగానే సాగింది. ఆ తర్వాతి మాట "ఆయనెందుకు రాలేరు?" అన్నది. కూరల దుకాణంలో, బడి గేటు దగ్గర, తెలియక అడిగినవాళ్ళంతా ఆయన్ని అడిగిన ప్రశ్నే. అమ్మగారు రావట్లేదేం మాస్టారూ, ఊళ్ళో లేరా అని. మాస్టారు కాగితం వంక చూశారు, పెదవులు కదిపారు.

"ఆయనకి తీరిక లేదండీ" అంది మిరియం. తన ముక్కు మీద వేలు పెట్టుకుంది. "నాకు పెట్టి చూడండి. నాది అచ్చం ఆయన ముక్కే అంటారు అందరూ."

ఆ తర్వాత ఏ తడబాటూ లేదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వీడియో ఒకసారి చూశారు, పంపేముందు మళ్ళీ చూశారు. ఇద్దరికీ నచ్చింది.

"నువ్వూ పర్లేదు. గోడ అనిపించుకున్నావు" అంది మిరియం.

రెండు రోజులకు ఆడిషన్లు చూసే ఆవిడ ఫోను చేసింది. "పిల్ల చాలా బాగా చేసిందండీ. ఆ ముక్కు దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. కానీ మధ్యలో మీ మాట ఒకటి పడలేదు."

"అన్నీ చదివానండీ" అన్నారు మాస్టారు.

"ఎందుకు రాలేరు అన్నది లేదండీ. అక్కడ ఖాళీ ఉంది. ఆ ఖాళీకే మీ పిల్ల జవాబు చెప్పింది. దర్శకుడికి చూపించాలంటే ఆ ప్రశ్న వినపడాలి. మళ్ళీ తీసి శనివారం లోపల పంపండి. ఈ పాత్రకి ముందు మీ పిల్లనే అనుకుంటున్నాను."

తండ్రీ కూతుళ్ళు వీడియో మళ్ళీ పెట్టుకున్నారు. దుకాణదారు అడగవలసిన చోట ఫాను తిరిగే చప్పుడు ఉంది. కుర్రపిల్ల చెవి ఒగ్గి ఆ చప్పుడు విని, తల ఎత్తి, తీరిక లేదండీ అంది.

"నాకు వినపడింది నాన్నా" అంది మిరియం మెల్లగా.

"నాకూ వినపడింది."

మాస్టారు ఫోను పక్కన పెట్టారు.

"మా బడిలో కొత్తగా వచ్చిన లెక్కల మాస్టారు ఉన్నాడు. గొంతు ఖంగుమంటుంది. అతన్ని పిలవనా?" అన్నారు మాస్టారు.

"వద్దు. నన్ను నువ్వే అడగాలి. ఎంతసేపైనా ఆగుతాను."

ఈ వారమంతా సాయంత్రాలు ఆ సీనే చేస్తున్నారు. దుప్పటి గోడకే ఉంది, పీట ఫోను పక్కనే ఉంది. పిల్ల మాటల్లో ఎక్కడా వంక లేదు. మాస్టారి మాటలు కూడా కుదురుకున్నాయి. రేపు శనివారం. ఆ ఒక్క ప్రశ్న మాత్రం ఆయన ఇంకా పైకి అడగలేదు.