నిలవని మడతలు

నేను కర్టెన్లు కుడతాను. మా ఇల్లు మూడో అంతస్తులో, కుట్టుగది కింద వీధి పక్కన. నా మనవడు నాలుగు మెట్లెక్కితే ఆయాసంతో కూలబడతాడు. అందుకే వాడు ఇల్లు దాటి చాలా కాలమైంది.

డాక్టరమ్మ బొమ్మ చూపించింది. ఒంట్లో కణకణానా శక్తి పుట్టించే మైటోకాండ్రియా ఉంటాయట. వాటి లోపలి పొర మడతలు పడి ఉంటుందట. ఆ మడతల మీదే శక్తి తయారవుతుందట. మడతలు నిలబెట్టేది పొరలో ఉండే ఒక రకం కొవ్వు. మావాడి ఒంట్లో అది సరిగ్గా తయారు కాదు.

మా అమ్మాయికి కొవ్వన్న మాటే చెవిన పడింది. ముద్దముద్దకీ వెన్న పెట్టింది. వాడు కక్కుకున్నాడు.

"అది తిండితో వచ్చేది కాదమ్మా, ఒళ్లే తయారుచేసుకోవాలి" అంది డాక్టరమ్మ.

"మందు?"

"ఇంకా వెతుకుతున్నారు."

ఆ సాయంత్రం మనవడు మంచం మీంచి పిలిచాడు.

"తాతా, ఆ కర్టెన్ తీసెయ్యవా?"

"ఎండ కొడుతుందిరా."

"కొట్టనీ. అదైనా లోపలికొస్తుంది."

మర్నాడు వాణ్ణి ఎత్తుకుని కిందికి దిగాను. మళ్లీ పైకి మోసే సత్తువ నా మోకాళ్లకి లేదు. కుట్టుబల్ల పక్కనే వాడికి పరుపు వేశాను.

"ఇక్కడ కిటికీ కూడా లేదు కదా నాన్నా?" అంది అమ్మాయి.

"గడపుంది" అన్నాను.

వాడు అప్పటికే గడప మీద కూర్చుని, వీధిలోకి కాళ్లు చాపుకున్నాడు.