కాలు తెగిన తాబేలు

శ్రీకూర్మం అమ్మవారి మొక్కుచీర కొంగు సగానికొచ్చింది. తెల్లారితే డోలాపున్నమి. కిందటేడు పడిపోయిన ఎర్రన్న కుడిచెయ్యి తిరిగి లేస్తే, అదే చేత్తో చీర నేయించి ఇస్తానని మొక్కుకుంది అతని పెళ్లాం గున్నమ్మ.

ఆ ఇంట్లో ఓ ఆచారముంది. మొక్కుచీరకి కొంగు నేత మొదలెట్టాక, అది పూర్తయ్యేదాకా మగ్గం ఆగకూడదు. ఎవడు పెట్టాడో తెలీదుగానీ, పెట్టినవాడు నేతగాడు మాత్రం అయ్యుండడు.

మగ్గం నెత్తిన జకార్డు పెట్టె. కన్నాలు పొడిచిన అట్టలు దండలా కుట్టుంటాయి; తొక్కుడుకొకటి చొప్పున తిరుగుతుంటాయి. కన్నం ఉన్నచోట పోగు లేస్తుంది. అలా వరస మీద వరస పడి, దండ ఓ చుట్టు తిరిగేసరికి కొంగులో ఒక తాబేలు బొమ్మవుతుంది.

"ఏటయ్యా, తాబేలుకి కాలు తెగిపోనాది!" గున్నమ్మ వంగి చూసింది.

"సూసేన్లే. అట్ట సినిగింది. మగ్గం ఆపనీ, మార్సెస్తాను."

"ఆపితే మొక్కేటవుతాది? నువ్వు నేస్తుండు. మా తమ్ముడు మారుస్తాడు."

తమ్ముడు సోములు కొత్త అట్ట పట్టుకుని అప్పటికే నిచ్చెనెక్కాడు. "మెల్లగా తొక్కు బావా."

"మెల్లగా తొక్కినా అది తిరగడం మానదురా! నడిసే బండికి సీల పీకుతావేటి?"

"నీకన్నీ బయ్యాలే బావా."

సోములు చినిగిన అట్టకి ఒక పక్క దారం కోశాడు. రెండో పక్క కోసేలోగా దాని వంతు వచ్చేసింది. పెట్టెలో సూదుల కింద నొక్కుకుపోయింది. లాగాడు; రాలేదు. గట్టిగా లాగాడు. ఎర్రన్న కాలు అలవాటుగా తొక్కుడు మీంచి లేచింది. అంతే, సూదుల పట్టు వదిలి, కుట్లు పటపటా తెగి, ఎనభై అట్టలూ ఎర్రన్న నెత్తిమీద పడ్డాయి.

మగ్గం ఆగింది. నేతలో సగమైన తాబేలుకి ఇంకా తల లేదు.

"నేనాపనేదు బావా, అదే ఆగింది."

"అట్టలకి అంకెలెయ్యరా అని ఏడాదై సెప్తన్నాను. ఏసేవా?"

సోములు నిచ్చెన దిగాడు.

"ఇంత పని! అయిదు నిమిషాలాపితే అయిపోయేది!" ఎర్రన్న అట్టలు నేలకేసి కొట్టాడు. మళ్ళీ తనే ఏరుకున్నాడు.

గున్నమ్మ కొంగువంక చూసింది. ఆగకూడనిది ఎలాగూ ఆగింది. మగ్గం దగ్గర కూర్చుని, తల లేని తాబేలు దగ్గర్నుంచి వెనక్కి పేక పోగులు ఒక్కొక్కటే పీకడం మొదలెట్టింది.

"ఎక్కడిదాకా పీకుతావే?" అన్నాడు ఎర్రన్న.

"కాలు తెగిన మొదటి తాబేలు దాకా."

"ఇందాకే ఆపమంటే నీ నోరు పడిపోయేదా?"

"నా మొక్కు నీ సెయ్యికి. నోటికి గాదు," అంది గున్నమ్మ. "అట్టలు కుట్టు. పొద్దు వాలిపోతన్నాది."