ఎడమకి పట్టుకోండి

నేను ఒక పాత తుపాకీని. పాయింట్ టూ టూ రైఫిలు అంటారు. నా తూటా చిటికెన వేలి గోరంత వెడల్పు కూడా ఉండదు. నాతో పులిని కొట్టామని ఎవరైనా చెబితే నమ్మకండి. నేను కొట్టినవి సీసాలు, గురి అట్టలు, ఒక ఆవకాయ జాడీ. ఆ జాడీ దగ్గరే నా కథ మలుపు తిరిగింది.

పుట్టింది ఇంగ్లండులో. ఒకరు గొట్టం తొలిచారు, ఒకరు కర్ర చెక్కారు, ఇంకొకరు ట్రిగ్గరు బిగించారు. ఓడలో వచ్చి విశాఖపట్నంలో దిగాను. విజయనగరం దగ్గర జనపనార మిల్లు ఇంజనీరు దొర ఆదివారాలు నాతో సీసాలు కొట్టేవాడు. వాటిని ఖాళీ చేసేదీ ఆయనే కాబట్టి మధ్యాహ్నం దాటాక గురి తప్పేది. దేశం విడిచి వెళ్తూ నన్ను ప్లీడరు అప్పలనరసయ్యగారికి ఇచ్చేశాడు.

ప్లీడరుగారికి కాకుల మీద కక్ష. ఒక వేసవి ఉదయం ఆయన భార్య వరహాలమ్మ మేడ మీద ఆవకాయ కలిపి, జాడీకి ఎత్తి, వాసెన కట్టింది. కాకి వస్తుందని ప్లీడరుగారు నాలో తూటా పెట్టారు. కాకి రాలేదు. నన్ను పిట్టగోడకి ఆనించి పేపరు తీశారు. కాసేపటికి లేచి నడవబోతే పంచె చెంగు నా ట్రిగ్గరుకి చిక్కుకుంది. నేను పక్కకి ఒరుగుతూ పేలాను. జాడీ రెండు ముక్కలైంది.

"కాకి బానే ఉంది, కాయే పోయింది," అంది వరహాలమ్మ. "దీన్ని బాగు చేయిస్తారా, నన్ను పుట్టింటికి పంపిస్తారా?"

తుపాకీని తూటా తీయకుండా గోడకి ఆనించడం తప్పని ప్లీడరుగారికి తోచలేదు. తప్పు నా ట్రిగ్గరుదని తేల్చి, కోర్టు ఎదురుగా ఉన్న సైకిలు షాపుకి తీసుకెళ్లారు. షాపతను సైకిలు స్టాండు స్ప్రింగులోంచి ఒక ముక్క కత్తిరించి నాలో దూర్చాడు. ఆ రోజు నుంచి నా ట్రిగ్గరు నొక్కాలంటే వేలితో పాటు భుజం కూడా పనిచేయాలి. వరహాలమ్మ నొక్కి చూసింది. కదల్లేదు. తృప్తిపడింది. ప్లీడరుగారు పోయాక నన్ను రైఫిల్ క్లబ్బువాళ్లకి అప్పగిస్తూ, "కాకుల్ని తప్ప అన్నిట్నీ కొడుతుంది, చూసుకోండి నాయనా," అంది.

క్లబ్బులో సొంత తుపాకులున్న సభ్యులు నన్ను ముట్టుకోరు. లేనివాళ్లకి నేనే దిక్కు. వాళ్లు బోర్లా పడుకుని, నల్ల చుక్కకి గురిపెట్టి, ఊపిరి బిగబట్టి ట్రిగ్గరు లాగుతారు. ఆ లాగుడుకి నా మూతి కదులుతుంది. గుండు కుడి వైపు కిందకి పోతుంది. గురి సరిచేసే మర ఎప్పుడో తుప్పుపట్టి బిగిసిపోయింది.

క్లబ్బు కార్యదర్శి సూర్యనారాయణరాజుగారు ఒకసారి నన్ను వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి, గొట్టంలోంచి ఆకాశం చూసి తీర్పు చెప్పారు. "గొట్టం వంకరండీ. ఎడమకి, కొంచెం పైకి పట్టుకోండి."

అది క్లబ్బులో ఆచారమైంది. కొత్తగా ఎవరు చేరినా ముందు ఆ మాట చెప్పి, తర్వాత పేరు అడిగేవారు. ఎడమకి పట్టుకుంటే కొందరికి చుక్కలో పడేది, కొందరికి పడేది కాదు. పడనివాళ్లు తమకి ఇంకా వంకర అంతుపట్టలేదని అనుకునేవారు.

ఆ వంకర అందరికన్నా బాగా అంతుపట్టింది గేదెల ఇందుమతికి. ఆమె ఆడపిల్లల హైస్కూల్లో ఆటల టీచరు. ఏటా పిల్లల్ని రాష్ట్ర పోటీలకి తీసుకెళ్లి, గీత అవతల నిలబడి, చొక్కాలు, చెప్పులు కాపలా కాసి తిరిగొచ్చేది. తను కూడా ఒక్కసారి వీపు మీద జిల్లా పేరున్న చొక్కా వేసుకుని గీత లోపల ఉండాలని ఆమె కోరిక. పరుగు పందేలకి మోకాలు ఒప్పుకోదు. పడుకుని కాల్చే ఆట ఒక్కటే మిగిలింది. ఆ ఏడు జిల్లా జట్టులో నాలుగు చోట్లలో మూడు సొంత తుపాకులవాళ్లకి పోయాయి. నాలుగోదానికి ఎంపిక పోటీ పెట్టారు.

నా ట్రిగ్గరు బాగు చేయించమని ఇందుమతి రాజుగారిని ఎన్నాళ్లో అడిగింది. "గొట్టం వంకరకి ట్రిగ్గరేం చేస్తుందమ్మా?" అని ఆయన కొట్టిపారేసేవారు. ఎంపిక ముందు వారం, ఎవరో అతిథికి ఎలా కాల్చాలో చూపించబోయి రాజుగారు నన్ను వరసగా పేల్చారు. సాయంత్రానికి చూపుడు వేలు వాచింది. కట్టు కట్టించుకుని వచ్చి, మరమ్మతు కాగితం మీద ఎడమచేత్తో సంతకం పెట్టారు.

అలా నేను మొహిద్దీన్ దుకాణానికి వెళ్లాను. తుపాకులు బాగుచేసే లైసెన్సు ఉన్న మనిషి. ఒక్కసారి ట్రిగ్గరు నొక్కి ఇందుమతి వైపు చూశాడు.

"ఏటి టీచరమ్మా, ఇది తుపాకీయా, బోరింగు కొళాయా?"

"అందుకే కదా బాబాయ్ తెచ్చాను. ఇలా ముట్టుకుంటే పేలేలా చేసిపెట్టు."

"ముట్టుకుంటే పేలేది తుపాకీ కాదమ్మా, మా అత్త."

అతను నన్ను విప్పి, స్ప్రింగు బయటికి తీసి చూసి చాలాసేపు నవ్వాడు. ట్రిగ్గరు లోపల రెండు ఇనుప అంచులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. స్ప్రింగు ఒత్తిడికి అవి గరుకెక్కాయి. మొహిద్దీన్ వాటిని నూనె రాసిన సానరాయి మీద నెమ్మదిగా రుద్దాడు, భూతద్దంలో చూశాడు, మళ్లీ రుద్దాడు. నాకు తగిన స్ప్రింగు వేశాడు. గురి మరని కూడా కదిపి, మధ్యకి తెచ్చి బిగించాడు. తర్వాత ఖాళీగా ఉన్న నన్ను నిలబెట్టి, నా కర్ర అడుగుని గోనె మీద కొట్టాడు. ట్రిగ్గరు దానంతట అది జారలేదు. మళ్లీ కొట్టాడు. జారలేదు.

ఇందుమతి నొక్కి చూసింది. "ఇంకొంచెం తేలిక చెయ్యి బాబాయ్."

"సెయ్యను. ఇంతకన్నా తేలికైతే నీకు చొక్కా వొస్తాది, నాకు నిద్ర పోతాది."

ఈ మాట ఆవకాయ నాడు ఎవరైనా అని ఉంటే బాగుండేది.

నేను తిరిగొచ్చేసరికి ఎంపిక రోజు రానే వచ్చింది. పోటీకి ముందు లెక్కలోకి రాని గుళ్లు కొన్ని కాల్చుకోనిస్తారు. ఇందుమతి పడుకుని, అలవాటు ప్రకారం ఎడమకి, కొంచెం పైకి పట్టింది. ట్రిగ్గరు అడ్డు చెప్పకుండా వెనక్కి వచ్చింది. నా మూతి కదల్లేదు. గుండు సరిగ్గా ఆమె పట్టిన చోటికే వెళ్లింది. అంటే చుక్కకి ఎడమకి, కొంచెం పైకి. ఇంకోటి. అక్కడే. ఇంకోటి. అక్కడే.

దుర్భిణిలోంచి చూస్తున్న రాజుగారు నిట్టూర్చారు. "చూశావా? విప్పించావు. గొట్టం ఇప్పుడు అటు వంగింది."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇందుమతి లేచి కూచుంది. చొక్కా చేజారిపోతోందని మొహంలో తెలుస్తోంది. అట్ట మీద మూడు చిల్లులూ ఒక్క బటను కింద దాగేంత దగ్గరగా ఉన్నాయి. వాటినే చూస్తూ ఉండిపోయింది.

"వంకర గొట్టమైతే గుళ్లు ఇంత దగ్గరగా పడతాయా రాజుగారండీ?"

"మరేంటంటావు?"

"ఇది నేను చెప్పిన చోటే కొడుతోందండి. నేనే తప్పు చెబుతున్నాను."

పోటీ మొదలైంది. ఇందుమతి మళ్లీ పడుకుంది. ఈసారి చుక్క మధ్యకి పట్టింది. కానీ పట్టిన ప్రతిసారీ ఆమె భుజం నన్ను ఎడమకి జరిపేది. ఇన్నేళ్ల పాఠం ఆ భుజంలో ఉంది. ఆమె కళ్లు మూసుకుని, ఊపిరి వదిలి, తెరిచి, నన్ను మధ్యకి తెచ్చేది. మొదట్లో రెండు గుళ్లు ఎడమ అంచుకి పోయాయి. ఆ తర్వాత ఒక్కటీ పోలేదు. చివరి గుండుకి రాజుగారు దుర్భిణి దించి, వేలి కట్టు సర్దుకుంటూ, "నాలుగో పేరు రాసుకోండి," అన్నారు.

చొక్కా రెండు సైజులు పెద్దది వచ్చింది. స్కూలుకి కూడా అదే వేసుకెళ్లిందని, పిల్లలు ఈలలు వేశారని విన్నాను. రాష్ట్ర పోటీల్లో ఎన్నో స్థానమని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. తిరిగొచ్చి నన్ను తుడుస్తున్నంతసేపూ ఏదో పాట కూనిరాగం తీసింది.

ఇప్పుడు నేను క్లబ్బు ఇనప బీరువాలో ఉంటున్నాను. ఒక ఉదయం ఎవరూ రాకముందే రాజుగారు వచ్చారు. వేలు నయమైంది. నన్ను తీసుకుని పడుకుని, అటూ ఇటూ చూసి, చుక్క మధ్యకి పట్టారు. పేల్చారు. దుర్భిణిలో చూశారు. ఇంకోటి పేల్చారు. మళ్లీ చూశారు. లేచి, అట్టని విప్పి, నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నారు.

ఆ ఆదివారం కొత్త సభ్యులు వచ్చారు. రాజుగారు నన్ను వాళ్ల చేతికిస్తూ అన్నారు.

"మధ్యకి పట్టుకోండి. గొట్టం తిన్నగా ఉంటుందండి దీనిది. నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను."

ఇందుమతి నా వైపు చూసింది. నవ్వు ఆపుకుంటూ కొత్తవాళ్లకి తూటాల పెట్టె అందించింది.